వేగం గుమ్మం దాకా వచ్చింది... గదిలోకి రాలేదు!

'ఏటి బాబూ, నెలనెలా డబ్బులు కడతన్నాం... ఆ చక్రం తిరుగుతానే ఉంది!'
ఇంట్లో ఫైబర్ నెట్ పెట్టించుకున్నాక కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఇలా విసుక్కునేవాళ్లు చాలామందే. అయితే తప్పు ప్రతిసారీ వీధిలోని తీగది కాదు. వేగం గుమ్మం దాకా వచ్చి, ఇంట్లోనే ఎక్కడో ఆగిపోతుంటుంది. ఎక్కడ ఆగిందో కనిపెట్టడం మనకీ చేతనవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నెట్ అంటే కాలక్షేపం ఒక్కటే కాదు. పని కోసం బిడ్డలు విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిన ఇళ్లెన్నో. తీరంలోని మత్స్యకారులైతే వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. వాళ్ల ముఖం కనిపించేది వీడియోకాల్‌లోనే. పిల్లల ఆన్‌లైన్ పాఠాలూ, ఇంటినుంచి చేసే ఉద్యోగాలూ సరేసరి.

స్తంభాల మీదుగా...

2004లో కేంద్రం తెచ్చిన విధానం ప్రకారం 256 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే! 2023లో ఆ కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. మన రాష్ట్రంలో ఫైబర్‌గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. ఇంటర్నెట్, టీవీ, ఫోన్... మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే అన్నది అప్పటి ఆకర్షణ. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంతో ఖర్చు తగ్గింది, పని త్వరగా అయింది. కానీ స్తంభం పడితే తీగా పోతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఎన్ని స్తంభాలను కూల్చిందో ఉద్దానం ప్రజలకు చెప్పక్కర్లేదు.

పెట్టించే రోజే చూడండి

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజు పోగు. అందులో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురు. అందుకే తీగను తలుపు సందులో నలగనివ్వకూడదు, గోడ మూలలో మడత పెట్టి మేకు కొట్టకూడదు. గోడలోకి వెళ్లేముందు తీగ కాస్త కిందికి వేలాడేలా చూడండి. లేదంటే వాననీరు దాని వెంటే ఇంట్లోకి వచ్చేస్తుంది.

తీగ బిగించిన అబ్బాయిని మీటరు పెట్టి వెలుతురు బలం ఎంతుందో చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే మంచిదే. మైనస్ 27 దాటితే బలహీనం. తీగను ఎక్కడో సరిగా అతకలేదనో, ఎక్కడో నలిగిందనో అనుకోవాలి. ఆ అంకెను ఓ కాగితంమీద రాసి పెట్టుకుంటే రేపు ఇబ్బంది వచ్చినప్పుడు పోల్చి చూసుకోవచ్చు.

తప్పెవరిది?

పెట్టెమీద 'ఎల్‌వోఎస్' అన్నచోట ఎర్ర లైటు వెలిగిందా? వెలుతురు రావడం లేదని అర్థం. ఆపరేటర్‌ను పిలవాల్సిందే. లైట్లన్నీ బాగానే ఉండి వేగం లేకపోతే పెట్టెను ఓసారి ఆపి, నిమిషం ఆగి వేయండి. అప్పటికీ మారకపోతే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా పెట్టెకు కలిపి వేగం కొలవండి. వైరుతో బాగా వచ్చి వైఫైలో రాకపోతే తీగ తప్పేమీ లేదు, లోపం ఇంట్లోనే. వైరుతోనూ రాకపోతే బయటిది. రాత్రిపూటే తగ్గుతోందా? ఒకే ఫైబర్‌ను సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. అందరూ ఒకేసారి వాడే వేళ రద్దీ సహజం. మూడు రోజులపాటు ఏ వేళకు ఎంత వచ్చిందో రాసి చూపిస్తే ఆపరేటర్‌కూ మాట దాటేసే వీలుండదు.

వంద ఎంబీపీఎస్ కంటే పెద్ద ప్లాన్ తీసుకున్నా 95 దగ్గరే ఆగిపోతోందా? పాతరకం వైరో, పెట్టెకున్న వంద పరిమితి పోర్టో కారణం కావచ్చు.

బీరువా వెనక దాచొద్దు

వైఫైకి శత్రువులు ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, లావాటి గోడ, కాంక్రీటు శ్లాబు. చాలా ఇళ్లలో పెట్టెను టీవీ వెనక దాచేస్తుంటారు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో ఉంచితే తేడా వెంటనే తెలుస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరం పోతుంది కానీ నెమ్మది. చుట్టుపక్కల ఇళ్లవీ కలిసి రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పనిచేస్తుంది కానీ గోడలను అంత బాగా దాటలేదు. పెట్టె ఉన్న గదిలో రెండోదీ, దూరంగా ఉన్న గదిలో మొదటిదీ వాడుకోవాలి. మేడమీదకు కావాలంటే ల్యాన్ వైరు లాగి అక్కడ ఇంకో రౌటర్ పెట్టడం మేలు. రిపీటరే పెట్టదలిస్తే సిగ్నల్ రాని గదిలో కాదు, దారి మధ్యలో పెట్టాలి.

కరెంటు పోతే నెట్టూ పోతోందా? పెట్టెకు సరిపడే చిన్న 12 వోల్టుల యూపీఎస్ చాలు.

లెక్క తెలిస్తే...

40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 ఎంబీ కాదు, ఎనిమిదో వంతు... 5 ఎంబీ. అంటే ఒక జీబీ సినిమా దిగడానికి మూడు నిమిషాలు దాటుతుంది. వీడియోకాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. కాబట్టి 40లోనే ఆగిపోతున్న కాల్ 100కి మారినా బాగుపడుతుందన్న నమ్మకం లేదు. ప్లాన్ మార్చేముందు పెట్టె చోటు మార్చి చూడండి. పైసా ఖర్చు లేని మందు అదే!