నోరు ఎండుతున్నదా? మాత్రలు మానకండి



మా సంఘములో ఒక పెద్ద తల్లి ఉన్నారు. ఆరాధన ఎన్నడూ మానరు గాని, వరుసగా మూడు నెలలు ప్రభువు బల్లయొద్దకు రాలేదు. ఎవరితోనో మనస్పర్థ వచ్చి ఉంటుందని మేము తలంచాము. సమాధానపడుటను గూర్చి ఒక ఆదివారము ప్రసంగము కూడా చేశాము! తరువాత గృహదర్శనమునకు వెళ్లి, ప్రార్థన చేసి అడిగినప్పుడు ఆమె కన్నీళ్లు పెట్టుకొన్నారు.

"అయ్యగారూ, నాకు ఎవరిమీదా కోపం లేదు. రొట్టె నోట్లో పెట్టుకుంటే అంగిలికి అతుక్కుపోతోంది, మింగుడుపడదు. అందరిలో కక్కేస్తే ప్రభువుకి అవమానం కదా అని రావడం లేదు" అన్నారు.

మేము చాలా సిగ్గుపడ్డాము. షుగరువల్ల వచ్చిన అరికాళ్ల మంటలకు డాక్టరుగారు ఆమెకు రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ అనే మాత్ర వ్రాశారు. నోరు ఎండుతున్నదని ఆమె ఎవరికీ చెప్పకుండా దానిని సగము రోజులు మానుతున్నారు. మానిన రాత్రి మంటలతో నిద్ర లేదు. ఇట్టివారు మీ సంఘములోను ఉండవచ్చు.

దేవుడు మన నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరున్నర వరకు ఉమ్మినీరు ఊరునట్లు చేశాడు. అది ముద్దను తడిపి మింగనిస్తుంది, రుచి తెలియజేస్తుంది, పండ్లు పుచ్చకుండా కాపాడుతుంది. నరముల ద్వారా కబురు అందితేనే లాలాజల గ్రంథులు పనిచేస్తాయి. కొన్ని మందులు ఆ కబురును అడ్డగిస్తాయి. దిగులుకు, మానసిక వ్యాధులకు, వణుకుకు, జలుబు-దురదలకు, మాటిమాటికి వచ్చే మూత్రమునకు వాడే మందులు, కొన్ని బి.పి. మాత్రలు ఇట్టివి. షుగరు అదుపు తప్పినా నోరు ఎండుతుంది గనుక రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి.

మొదటి మాట: మీ అంతట మీరు మాత్ర మానవద్దు. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే బి.పి. పెరుగుతుంది, లేక పాత వ్యాధి తిరగబెడుతుంది. మెడికల్ షాపులో అడిగి కొన్నవాటితో సహా మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టరుగారికి చూపండి. మోతాదు తగ్గించుటయో, మందు మార్చుటయో వారు చూస్తారు.

ఇంటిలో చేయదగినవి ఇవి. నీరు గుక్కెడు గుక్కెడుగా తరచుగా త్రాగాలి. గుండె, కిడ్నీ జబ్బులవల్ల నీరు తగ్గించమన్నవారు మాత్రము డాక్టరును అడగాలి. అన్నము మజ్జిగతోనో, చారుతోనో మెత్తగా కలుపుకొని తినాలి. ఆవకాయ, గొడ్డుకారము నోటిని మండిస్తాయి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే ఉమ్మి ఊరుతుంది. పుల్లని బిళ్లలు, తీపి చాక్లెట్లు చప్పరించవద్దు, పండ్లు పాడవుతాయి. బీడీ, చుట్ట, గుట్కా, సారా పూర్తిగా విడిచిపెట్టాలి. ఇటుకపొడి, బొగ్గు మాని, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రెండు పూటలా పండ్లు తోముకోవాలి. కట్టుడు పండ్లు రాత్రి తీసి కడిగి, నీళ్లలో ఉంచాలి.

గుండెనొప్పికి నాలుక క్రింద మాత్ర పెట్టుకొనేవారు ముందు గుక్కెడు నీటితో నోరు తడుపుకోవాలి. పొడి నోటిలో ఆ మాత్ర త్వరగా కరగదు. నోటిలో తెల్లని పొర, మంట కనబడితే చూపించుకోవాలి. మూత్రము బిగుసుకుపోయినా, పెద్దవారు తికమకగా మాట్లాడినా ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.

లేహీలో సమ్సోను గొప్ప జయము తరువాత దప్పికతో సొమ్మసిల్లినప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు, నీటి ఊటను ఇచ్చాడు. సిలువమీద మన ప్రభువు కూడా దప్పికను ఎరిగినవాడే. ఎండిన నోటి బాధ ఆయనకు చిన్న సంగతి కాదు.

మా ఇంటివారు ఆ తల్లిని డాక్టరుగారియొద్దకు తీసుకొని వెళ్లారు. ఆయన మోతాదు తగ్గించి, మాత్రను పడుకొనే వేళకు గాక కొంచెము ముందుగా వేసుకొమ్మన్నారు. నోరు ఇంకను కొంత ఎండుతుంది గాని, మంటలు అదుపులో ఉన్నాయి. సంఘపెద్దలతో మాట్లాడి, అట్టివారికి రొట్టెను చిన్న ముక్క చేసి ద్రాక్షారసములో ముంచి ఇస్తున్నాము. గత నెల ఆమె బల్లయొద్దకు వచ్చారు.

ప్రియులారా, ఎవరైనా దూరమైతే తీర్పు తీర్చకముందు ఇంటికి వెళ్లి అడుగుదము. మేము ఆలస్యముగా నేర్చుకొన్నాము. మీరు ముందే నేర్చుకొనునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.