పుస్తకాల పండగలో ఊళ్ల చరిత్ర

విజయవాడ: జనవరి వచ్చిందంటే విజయవాడలో పుస్తకాల పండగ. కుప్పనూర్పిళ్లు ఒక దారికి వచ్చి, సంక్రాంతి ఇంకా వారం పది రోజులుందనగా దివిసీమ నుంచి, గుడివాడ వైపు నుంచి, నందిగామ మెట్ట ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చేవారు తక్కువేమీ కాదు. 1989లో మొదలైన ఈ పుస్తక మహోత్సవం చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగింది. అక్కడ అంబేద్కర్ స్మృతివనం పనులు మొదలయ్యాక చోటు మారింది. చోటు మారినా జనం మారలేదు. పంచాంగం కొనేవారు, పిల్లలకు బొమ్మల పుస్తకం బేరమాడేవారు, ఏదీ కొనకుండా అన్నీ తిరగేసి చూసేవారు ఎప్పటిలాగే వస్తున్నారు.

సాయంత్రం అయ్యేసరికి సభలు మొదలవుతాయి. కవుల సభకు పట్నం వారు ఎక్కువ. చరిత్ర రాసిన రచయిత మాట్లాడేనాడు మాత్రం ముందు వరుస కుర్చీల్లో భుజాన తువ్వాలు వేసుకున్నవారు కనిపిస్తారు. వారు రాజుల పేర్ల కోసం రారు. తమ ఊరి పేరు వినిపిస్తుందేమోనని చెవి పెట్టుకుని కూర్చుంటారు. ప్రసంగం అయిపోయాక అడిగే మొదటి ప్రశ్న ఏ ఏడాదైనా దాదాపు ఒకటే. మా ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందండీ?

దీనికి జవాబు చెప్పడం రచయితలకు కత్తిమీద సాము. ప్రతి ఊరికీ ఒక కథ ఉంటుంది. పాండవులు ఇక్కడ మకాం చేశారనో, రాముడు నడిచి వెళ్లాడనో పెద్దలు చెబుతారు. కాదంటే కోపం, అవునంటే చరిత్రకు చేటు. తెలివైన రచయితలు ఘంటసాల సంగతి ఎత్తుకుంటారు. నాగార్జునకొండ శాసనంలో కంటకసేల అనే పేరు ఉంది. రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కంటకోస్సిల అనే రేవు పేరు రాసుకున్నాడు. ఆ రెండూ మన ఘంటసాలేనని చరిత్రకారులు తేల్చారు. కథ ఒక దారి, రాతి మీద అక్షరం ఒక దారి అని అప్పుడు సభకు అర్థమవుతుంది.

ఊళ్లవారు కూర్చుని చరిత్ర వినడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారి చొరవతో 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. చరిత్రను, శాస్త్రాలను తెలుగులో అచ్చువేసి జనానికి చేర్చడమే దాని పని. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది ఈ బెజవాడలోనే.

కరణాలు చెప్పగా రాసినవి

సభల్లో తరచు వినిపించే మాట కైఫీయతు. పాత తరం వారికి తెలుసు గాని ఇప్పటి కుర్రవాళ్లకు తెలియదు. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే బ్రిటిషు సర్వే అధికారి, కావలి సోదరుల వంటి తెలుగువారి సాయంతో ఊరూరి వివరాలు సేకరింపజేశాడు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎంత, ఎవరి ఏలుబడిలో ఏం జరిగింది అన్నవి కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దలను అడిగి రాయించాడు. అవే కైఫీయతులు. చాలా జిల్లాలవి అచ్చయి పుస్తకాలుగా వచ్చాయి.

తమ ఊరి కైఫీయతు ఉందని తెలిసిన నాడు ఆ ఊరివారి సంతోషం చూడవలసిందే. లేదని తెలిస్తే ముఖం చిన్నబోతుంది. ఆ తర్వాత కరణాల ఇళ్లలో మిగిలిన కాగితాల గతి ఏమయింది? 1984లో కరణీకాలు రద్దయ్యాయి. కొందరు కాగితాలు అప్పగించారు, కొందరి ఇళ్లలో అటక మీదే ఉండిపోయాయి. చెదలు పట్టినవి పట్టగా, మిగిలినవి ఇల్లు పడగొట్టినప్పుడు పాత సామాను బండికి ఎక్కాయి. పోయినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

శాసనాల సంగతి ఇంకా విచారకరం. చెరువు గట్టున బట్టలుతికే బండ, గుడి ముందు గడపరాయి, పశువులను కట్టే స్తంభం, వీటిలో కొన్నిటి మీద అక్షరాలు ఉంటాయి. గుడి బాగుచేయించేటప్పుడు వాటికి సున్నం కొడతారు, మరీ భక్తి ఎక్కువైతే రంగులు వేస్తారు. ఊరి పెద్దల భక్తికి తక్కువ లేదు, సున్నానికీ తక్కువ లేదు. అక్షరాలు మాత్రం పూడిపోతున్నాయి.

శాసనం నకలు తీయడానికి రాయిని కదిలించనక్కరలేదు. రాతిని బ్రష్‌తో శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొడతారు. పైన నల్ల సిరా అద్దితే అక్షరాలు తెల్లగా లేస్తాయి. ఆ విధంగా తీసిన తెలుగు శాసనాల నకళ్లతోనే భారత పురావస్తు శాఖ వారు దక్షిణ భారత శాసనాల పదవ సంపుటం 1948లో వేశారు. పుస్తకంలో పాఠం ఉండి ఊళ్లో రాయి లేనివీ ఉన్నాయని రచయితలు చెబుతుంటారు.

ఉప్పెన మాట వచ్చేసరికి

రాజుల దగ్గర గుసగుసలాడుకునే సభ ఉప్పెన మాట వచ్చేసరికి నిశ్శబ్దమవుతుంది. కృష్ణా జిల్లా చరిత్ర చెప్పేవారెవరూ దాన్ని దాటిపోలేరు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. 30,000 మంది పోయారని లెక్క. గోర్డన్ మెకంజీ 1883లో అచ్చువేసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ వివరాలు ఉన్నాయి. ఈ మెకంజీ, కైఫీయతుల మెకంజీ ఒకరు కారు. ఇద్దరూ వేరు.

అచ్చయిన ఆ పుస్తకం కచేరీల్లో ఉంది, పెద్ద గ్రంథాలయాల్లో ఉంది. తీరం వెంబడి ఊళ్లలో లేదు. తాతలు చెప్పిన మాటలు మనవళ్ల దాకా వచ్చాయి, ఆపైన పలచబడ్డాయి. 113 ఏళ్లకు, అదే నవంబరులో, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేర్లు దేశమంతటికీ తెలిశాయి. ప్రభుత్వ లెక్క దాదాపు 10,000 మంది.

తర్వాత తీరం ఊళ్లలో తుపాను రక్షిత భవనాలు వచ్చాయి. 1990 మేలో మరో పెద్ద తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. అప్పుడు పోయినవారు వెయ్యిలోపే. వెయ్యిలోపు అన్నా తక్కువేమీ కాదు గాని, 1977తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. హెచ్చరికలు మెరుగుపడ్డమాట నిజం. రేడియోలో చెప్పగానే జనం కదలడానికి మరో కారణం కూడా ఉంది. పదమూడేళ్ల కిందటి సంగతి వారికి ఇంకా కళ్లముందే ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఇటువంటి సభలోనే రచయిత ఒకాయన ఈ లెక్కలు చెప్పి ప్రసంగం ముగించారు. చప్పట్లు అయ్యాక దివిసీమ నుంచి వచ్చిన డెబ్బయి దాటిన రైతు లేచారు. ఊరి పేరు ఎట్లా వచ్చిందని అడగలేదు. ఆ పదివేలలో కూలీలు ఉన్నారా అని అడిగారు. రచయితకు వెంటనే అర్థం కాలేదు. పొలం పనులకు బయటి జిల్లాల నుంచి వచ్చి, పాకల్లో, పశువుల కొట్టాల్లో తలదాచుకున్నవారు ఉన్నారని ఆయన వివరించారు. వారి పేర్లు ఊరి రేషను కార్డుల్లో లేవు, ఓటరు జాబితాలో లేవు. ఊరివారు పోతే వెతుక్కునేవారు ఉన్నారు, వీరి కోసం అడిగేవారే లేరు. శవాలను గుర్తుపట్టే తీరిక కూడా లేని రోజులవి.

సర్కారు లెక్క కంటే పోయినవారు ఎక్కువని అప్పటినుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. అయితే ఆ ఎక్కువ ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. రచయిత ఆ మాటే ఒప్పుకుని, మీకు తెలిసినవి చెప్పండి అన్నారు.

సభ ముగిసింది. జనం బజ్జీల దుకాణం వైపు కదిలారు. రైతు జేబులోంచి మడతలు పెట్టిన లెక్కల పుస్తకం కాగితం ఒకటి తీశారు. మడతల దగ్గర చిరిగింది, పెన్సిలు రాత కొంత చెరిగింది. తమ కొట్టంలో ఆ ఏడాది దిగిన కూలీలు ఏడుగురు. ఆరు పేర్లు ఉన్నాయి, ఒకదానికీ ఇంటిపేరు లేదు. ఏడో చోట చిన్నపిల్ల అని మాత్రం ఉంది. నీళ్లు తీసిన తర్వాత తన తండ్రి గుర్తు తెచ్చుకుని చెబుతుంటే తాను రాశానని, తండ్రి పోయి చాలా కాలమయిందని ఆయన చెప్పారు.

వారిది ఏ ఊరని రచయిత అడిగారు. ఉత్తరాది జిల్లాల వారని తప్ప ఆయనకు తెలియదు. మేస్త్రీ తీసుకొచ్చాడు, ఆ మేస్త్రీ కూడా పోయాడు. కూలి డబ్బు బాకీ ఉండిపోయిందని, అది ఎవరికి ఇవ్వాలో తెలియక తండ్రి చివరిదాకా బాధపడేవాడని ఆయన అన్నారు. ఎంత బాకీయో కూడా ఆ కాగితం అడుగున రాసి ఉంది.

పక్కన నిలబడి విన్నవారిలో నాగాయలంక వైపు వారు ఇద్దరున్నారు. తమ ఇళ్లలోనూ ఇటువంటి కాగితాలు లేవు గాని మాటలు ఉన్నాయని వారు అన్నారు. ఒకరు తన మేనత్తకు ఇంకా అన్నీ జ్ఞాపకమేనని, అయితే ఆమెకు ఎనభై దాటాయని చెప్పారు. రచయిత వారి ఊళ్లు, ఇంటి గుర్తులు రాసుకున్నారు. పండగ వెళ్లగానే వస్తానన్నారు.

కాగితం తనకు ఇవ్వమని రచయిత రైతును అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఉన్నది ఒకటే, పోతే మళ్లీ చెప్పేవారు లేరు, కావాలంటే ఇక్కడే రాసుకోండి అన్నారు. అవనిగడ్డ బస్సు వేళ అవుతోంది. రచయిత తన పుస్తకమే ఒకటి తీసి, చివర ఖాళీ పేజీలో ఆ ఆరు పేర్లూ, ఏడో చోట చిన్నపిల్ల అనీ, కింద బాకీ అంకె సహా రాసుకున్నారు. రైతు ఒకసారి సరిచూసి, ఒక పేరులో అక్షరం దిద్దించి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్టాండుకు నడిచారు.