దుంప నిద్రపోతే నీళ్లు పోయకండి

సెంబవాంగ్‌లో మా ఇంటి వరండాలో సిన్నింజియా లూకోట్రైకా అనే మొక్కను పెంచుతున్నాను. బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో బండ సందుల్లో బతికే దుంప మొక్క ఇది. ఆకుల నిండా వెండిలాంటి నూగు. పూలు సన్నటి గొట్టాల్లా, నారింజ, గులాబీ కలిసిన రంగులో ఉంటాయి.

నా మొదటి దుంప కుళ్లిపోయింది. ఆకులు పండుబారితే దాహమనుకుని ఇంకా నీళ్లు పోశాను. నిజానికి అది నిద్రకు సిద్ధమవుతోంది! నీళ్లు దొరకని రోజుల కోసమే దానికి ఆ దుంప. సింగపూర్‌లో ఏడాది పొడవునా వానలే కాబట్టి, ఆ ఎండు రోజులను మనమే కల్పించాలి.

రెండో దుంపను ముతక ఇసుక, గులకరాళ్లు ఎక్కువగా కలిపిన మట్టిలో, పైసగం బయటికి కనిపించేలా నాటాను. వానజల్లు పడని వెలుతురులో పెట్టాను. ఆకులు వాడిపోగానే నీళ్లు ఆపేశాను. చిగురు కనబడ్డాకే మళ్లీ పోశాను. ఈ ఏడు పూసింది. కుండీ ఎండిందని మీరూ కంగారు పడకండి.