పులిని చూపిస్తానని పిల్లాడికి మాటివ్వకండి

సెలవొచ్చిందంటే పిల్లలు అడిగే మొదటి మాట "ఎక్కడికెళ్దాం?" అని. మన పల్నాడులో ఆ మాటకి జవాబులు నాలుగైదుకి మించవు. నరసరావుపేట వాళ్లకి కోటప్పకొండ, మాచర్ల వాళ్లకి చెన్నకేశవస్వామి గుడి, అదీ కాకపోతే సినిమా. ఇప్పుడు సెల్‌ఫోన్లో జంతువుల్ని చూసి చూసి నాలుగేళ్ల బుడతలు కూడా "అడవికెళ్దాం, పులిని చూద్దాం" అని పేచీ పెడుతున్నారు. "సరేలే, ఆదివారం వెళ్దాం, పులిని చూపిస్తా" అని నాన్నగారు మాటిచ్చేస్తారు. ఆ ఆదివారం ఎలా గడవాలన్న ఆలోచన మాత్రం అమ్మ నెత్తిన పడుతుంది.

అడవి మనకి దూరమేం కాదు. మాచర్ల దాటితే నల్లమల పలకరిస్తుంది. నేషనల్ పార్కు అన్న పేరు పాపికొండలకీ, తిరుపతి దగ్గర శేషాచలం కొండలకీ ఉంది గానీ మన అడవికి లేదు. మనది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకి అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకి వెళ్లింది. మన వాటాకి మిగిలిందే మూడు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇంత అడవిలో పులి మన ఆదివారం కోసం రోడ్డు మీదికొచ్చి నిలబడదు. పగలంతా నీడపట్టున పడుకుని, పొద్దు వాలాక వేటకి లేచే జంతువది.

జీపులో అడవి లోపలికి తీసుకెళ్లే సఫారీ దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో, తుమ్మలబయలు దగ్గర ఉంది. పేట నుంచి రానూపోనూ ప్రయాణానికే రోజంతా సరిపోతుంది. వానాకాలంలో అది మూసేస్తారు కూడా. పిల్లలు కాస్త పెద్దయి, అరగంట మాట్లాడకుండా కూర్చోగలిగిన వయసొచ్చాక అక్కడికి వెళ్లొచ్చు. నాలుగేళ్ల వాళ్లకి అడవి అంచు చాలు. చీమల పుట్ట, రాలిన ఈక, నీళ్ల చప్పుడు... ఆ వయసుకి ఇవన్నీ వింతలే.

ఒక రోజుకి ఒక్కటే చోటు

మగవాళ్లు వేసే పట్టిక ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పొద్దున ఎత్తిపోతల, ఆ తర్వాత సాగర్ డ్యాం, అనుపు, లాంచీలో నాగార్జునకొండ, తిరిగొస్తూ మాచర్లలో దర్శనం! రెండో చోటికే పిల్లాడు భుజం మీద నిద్రపోతాడు, మూడో చోట ఏడుపందుకుంటాడు. ఎత్తిపోతల గానీ, నాగార్జునకొండ గానీ ఏదో ఒకటి ఎంచుకోండి. రెండోది ఇంకో సెలవుకి ఉంటుంది.

ఎత్తిపోతల సాగర్‌కి 11 కిలోమీటర్ల దూరం. మాచర్ల మీదుగా పారే చంద్రవంకే అక్కడ డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వానలు పడ్డాక చూడాలి దాని సోకు. పైనుంచి చూసే చోటు హాయిగా ఉంటుంది. కిందకి దిగి నీళ్లలో కాళ్లు పెడదామన్న మాట మాత్రం ఎవరన్నా సరే ఒప్పుకోకండి. అది మొసళ్లని పెంచే చోటు. కమ్మీల దగ్గర పిల్లల చెయ్యి వదలకూడదు, ఫోటో కోసం గట్టు మీద కూర్చోబెట్టకూడదు.

కోతుల సంగతి వేరే చెప్పాలా? పిల్లాడి చేతిలో బిస్కెట్ పొట్లం కనిపించిందంటే లాగేసుకుంటాయి. తినేదేదైనా మూత పెట్టిన డబ్బాలోనే, బండిలోనో గది లోపలో తినిపించండి. ముచ్చటపడి మనం కోతికి ఒక పండు ఇస్తే, అది తర్వాత వచ్చే బిడ్డ మీద పడుతుంది.

దాహం వేస్తే తాగాలి

ఎండలకి రెంటచింతల పేరు రేడియోలో వినని వాళ్లుండరు. మనం వెళ్లే దారి ఆ పక్కనే. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా చిన్నపిల్లలతో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. అప్పుడైనా తెల్లవారుజామునే బయల్దేరి, ఎండెక్కేసరికి నీడకి చేరాలి.

ఆడవాళ్లం చేసే పని ఒకటుంది. దారిలో బాత్‌రూమ్ ఉండదని పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్లు తాగం. పిల్లలకి తాగిస్తాం, మనం మాడతాం. సాయంత్రానికి తలనొప్పి, మర్నాటికి మూత్రంలో మంట. మా ఇరుగుపొరుగులో ఈ అవస్థ పడనివాళ్లు తక్కువ. దీనికి మందు నీళ్లు మానేయడం కాదు, ఆగే చోట్లు ముందే అనుకోవడం. పిడుగురాళ్లలో గానీ, మాచర్లలో గానీ బస్టాండో, పెట్రోల్ బంకో, చుట్టాలిల్లో చూసుకుని "ఇక్కడ పది నిమిషాలు ఆగుతాం" అని ఇంట్లోనే చెప్పేయండి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

కాచి చల్లార్చిన నీళ్లు ఇంటినుంచే తీసుకెళ్లండి. ఒక లీటరు సీసా విడిగా ఉంచండి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం అందులో కలపడానికి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం సగం పోయకూడదు. బండి పడని పిల్లలకి బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు చాలు. ముందు సీట్లో అమ్మ పక్కన కూర్చోబెట్టి దూరంగా చెట్లని చూపించండి. ఫోన్ చేతికిచ్చారో, వాంతి ఖాయం.

మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం. పెరుగన్నంలో పాలెక్కువ పోసి కలిపితే పులవదు. ఒక జత బట్టలు, పాత తువాలు, రెండు ఖాళీ సంచులు. తెచ్చిన చెత్త ఆ సంచుల్లోనే తిరిగి రావాలి. ప్లాస్టిక్ కవర్లో మెతుకుల వాసన తగిలితే జింకలు కవరుతో సహా మింగేస్తాయి.

లాంచీ ఎక్కేముందు

నాగార్జునకొండకి విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. నీటిమట్టాన్నిబట్టి, గాలినిబట్టి నడుపుతారు కాబట్టి ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. పిల్లాడికి సరిపోయే లైఫ్ జాకెట్ ఇచ్చి, కట్టాకే లాంచీ ఎక్కండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకి వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది. "అంత భయమైతే ఇంట్లోనే ఉండాల్సింది" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనం మర్చిపోలేదు. సరైన జాకెట్ లేదంటే ఆ రోజు అనుపు చూసి వచ్చేయండి. కొండ ఎక్కడికీ పోదు.

లాంచీలో పిల్లలకి చెప్పడానికి మంచి కథ ఉంది. ఈ నీళ్ల అడుగున ఒక ఊరుండేది, దాని పేరు విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని. డ్యాం పూర్తి కాకముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వి, దొరికిన వాటిని కొండ మీదికీ, అనుపుకీ చేర్చారు. మూడో శతాబ్దంలో అక్కడ మహాచైత్యం కట్టించింది ఒక ఆడమనిషి! రాజుగారి తోబుట్టువు చాంతిసిరి. బోధిసిరి అనే ఇంకో ఉపాసిక సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఇద్దరి పేర్లూ శాసనాల్లో ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ల కింద మన పల్నాటి ఆడవాళ్లు ఇంత చేశారని ఆడపిల్లలకి తప్పకుండా చెప్పండి.

మీ వంతు కూడా ఉండాలి

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కారు కుదరలేదనో, ఆయనకి తీరలేదనో ఆగక్కర్లేదు. వదినో, పక్కింటి పిన్నిగారో తోడుంటే ఇద్దరు తల్లులు పిల్లల్ని వేసుకుని వెళ్లిరావచ్చు.

కుటుంబమంతా కలిసి వెళ్తే బయల్దేరే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. పిల్లాడిని ఒక గంట నాన్న చూసుకోవాలి, సంచులు కూడా ఆయన దగ్గరే ఉండాలి. ఆ గంట మీది. ఎందరో అమ్మలు ఎత్తిపోతలకి వెళ్లొచ్చారు గానీ, పిల్లాడికి బువ్వ తినిపిస్తూ, చెప్పులు వెతుకుతూ నీళ్లకేసి తలెత్తి చూసింది లేదు. ఈసారి ఒక గట్టు చూసుకుని కూర్చోండి. ఆ చంద్రవంక చప్పుడు కాసేపు మీరూ వినండి.