కడుపులో వేసే సూది

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిన తరువాత, శ్రీరంగాపూర్‌లోని మా సంఘపు సహోదరి ఒకరు వెనుక నిలిచిపోయారు. "అయ్యగారూ, కడుపుల సూదేస్తే సన్నబడుతరంట, నిజమేనా? బిడ్డ పెండ్లిల నలుగురు నవ్వుతరు. గొలుసు కుదువ పెడదామనుకుంటున్న" అన్నారు.

మేము వైద్యులము కాము. అయినను ఆ గొలుసు ఆమె తల్లి పెట్టినదని ఎరుగుదుము గనుక, విచారించి తెలుసుకొన్నది వ్రాయుచున్నాము.

ఇది చేతికి వేసే సూది కాదు. నోటి గుండా ఎండోస్కోప్ అనే సన్నని గొట్టమును దింపి, జీర్ణాశయపు గోడ కండరములో పలుచోట్ల బొటాక్స్ ఎక్కిస్తారు. కోత లేదు, కుట్లు లేవు. ముఖముమీది ముడతలకు వాడే మందే ఇది. బొటులినమ్ అనే సూక్ష్మక్రిమి విషము నుండి తయారు చేస్తారు. నరము కండరమునకు పంపే సంకేతమును ఇది ఆపును. అందువలన జీర్ణాశయము మందగించి, తిన్నది నెమ్మదిగా క్రిందికి దిగును. కొంచెము తినగానే కడుపు నిండినట్లుండును.

కొన్ని నెలలకు మందు బలము తగ్గిపోవును. ఆకలి మాత్రము మరల వచ్చును. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2013లో ప్రచురించిన పరీక్షలో కొందరికి ఈ మందును, కొందరికి ఉత్త సెలైన్‌ను ఎక్కించి చూచారు. మందు జీర్ణాశయమును మందగింపజేసినది గాని, బరువు తగ్గుటలో ఇరువురికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్థూలకాయమునకు బొటాక్స్ వాడుటకు అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇయ్యలేదు.

2023 ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగినది ఇంకను భయంకరము. టర్కీలో ఈ సూది వేయించుకొన్నవారిలో అరవైమందికి పైగా బొటులిజమ్ పాలయ్యారు. మ్రింగలేక, ఊపిరి అందక కొందరు ఐ.సి.యు.లో పడ్డారు. జర్మనీ నుండి ఇందుకొరకే వెళ్లినవారును అందులో ఉన్నారు.

2025లో మన దేశమునకు వచ్చిన, వారమునకొకసారి చర్మము క్రింద వేసుకొనే బరువు తగ్గించు సూదులు వేరు. వాటిని డాక్టరు వ్రాసి ఇయ్యవలెను. రెండిటిని ఒకటిగా అనుకొనువారు అనేకులు. ఈ సహోదరియు అలాగే అనుకొన్నారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో పదిమందికి సుమారు ముగ్గురు అధిక బరువు గలవారే. అయినను ఈమె పేరుకు ముందు 'లావు' అని చేర్చి పిలుచుట మన సంఘములోనే విన్నాము. విని ఊరకున్నాము. ఆ గొలుసు కుదువకు పోవుటలో మా పాలు కొంత ఉండెడిది.

సోమవారము మా ఇంటివారు ఆమెను వెంటబెట్టుకొని వనపర్తి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. బి.పి., షుగరు చూచి, థైరాయిడ్ పరీక్షకు రక్తము తీసికొన్నారు. ఫలితము ఇంకను రావలసియున్నది. గొలుసు మెడలోనే ఉన్నది.