'సార్పట్ట పరంపర': బట్టలూడదీసిన చోటే నీలి అంగీ

పా. రంజిత్ తీసిన 'సార్పట్ట పరంపర' 2021 జూలై 22న అమెజాన్ ప్రైమ్‌లో తమిళంతోపాటు తెలుగులోనూ విడుదలైంది. ఓడినవాడు తిరిగొచ్చి పగ తీర్చుకునే బాక్సింగ్ కథగానే చాలామంది దాన్ని చూశారు. చోడవరంలో మేం విద్యార్థులతో కలిసి చూసినప్పుడు ఈలలు చివరి పోటీకే పడ్డాయి. చర్చ మాత్రం మధ్యలో వచ్చే ఒక అవమానం చుట్టూ తిరిగింది.

1970ల ఉత్తర చెన్నై. సార్పట్ట, ఇడియప్ప అనే రెండు బాక్సింగ్ పరంపరల మధ్య పోటీ. కబిలన్ (ఆర్య) గెలవబోతుంటే తణిగ మనుషులు రింగులోకి దూకి, జనం ముందు అతని బట్టలు ఊడదీస్తారు. ఎమర్జెన్సీలో డీఎంకే ప్రభుత్వాన్ని రద్దు చేసిన రోజది. అందుకే తమిళనాట ఈ సినిమా మీద రాజకీయ రగడ కూడా నడిచింది. ఎంజీఆర్‌ను తక్కువ చేశారని అన్నాడీఎంకే నేత జయకుమార్ విమర్శించారు. ఏ పార్టీకి పేరొచ్చిందన్న ఆ గొడవలో బట్టలూడదీసిన దృశ్యం పక్కకు పోయింది.

మా చర్చలో ఒక విద్యార్థిని అడిగింది: "కబిలన్ కేసు పెట్టొచ్చు కదా?"

కథాకాలం 1976. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989లో. దళితుల బట్టలు బలవంతంగా ఊడదీయడం, నగ్నంగా ఊరేగించడం నేరమని ఆ చట్టంలో మొదటి నుంచీ ఉంది. తల గొరగడం, మీసాలు తీయడం 2015 సవరణతో చేరాయి.

చట్టం ఉన్నా ఏమవుతోంది? తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో దళిత యువకులకు శిరోముండనం చేశారు. విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులకు 18 నెలల జైలు విధించింది 2024 ఏప్రిల్‌లో. 27 ఏళ్లు దాటాక! తెరమీద మూడు గంటల్లో తీరే పగకు మన పిల్లలు ఈలలెందుకు వేస్తారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

కానీ సినిమా కత్తిని గెలిపించలేదు. తణిగ మీద కత్తి ఎత్తిన కబిలన్ జైలుకు పోతాడు, తాగుడులో మునుగుతాడు. మళ్లీ సాధన చేసి, నీలి అంగీ వేసుకుని, తనను అవమానించిన జనం ముందుకే వస్తాడు. బట్టలూడదీసి బయటికి నెట్టిన రింగులోనే నిలబడి గెలుస్తాడు.

కబిలన్‌కు లేని చట్టం మనకుంది. దాన్ని నడిపించడానికీ అలాంటి సాధనే కావాలి. ఎఫ్‌ఐఆర్‌లో సరైన సెక్షన్లు పడ్డాయా, సాక్షులకు రక్షణ ఉందా, వాయిదాకు బాధితుల పక్కన ఎవరు కూర్చున్నారు అని ప్రతిసారీ చూసుకోవాలి. ఈలలు వేసిన మనమే ఆ వాయిదాలకూ వెళ్లాలి.