మీకు తెలుసా? చెరిపేసినా డిస్కు వదలని ఫైలు

విండోస్‌లో ఏదో ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన ఫైలును తీసేయబోతే, అది వాడుకలో ఉందంటూ సాధారణంగా అడ్డుపడుతుంది. తెరిచేటప్పుడే ఆ ప్రోగ్రామ్ ‘దీన్ని ఇతరులు తొలగించవచ్చు’ అని అనుమతిచ్చి ఉంటే తప్ప పని జరగదు.

లైనక్స్, మ్యాక్‌ఓఎస్ లాంటి యూనిక్స్ కుటుంబంలో పద్ధతే వేరు. అక్కడ ‘ఆర్‌ఎం’ ఆదేశం చెరిపేది డైరెక్టరీలోని పేరును మాత్రమే. ఆ ఫైలుకు మరో పేరేదీ మిగలకుండా, దాన్ని తెరిచిన చివరి ప్రోగ్రామ్ కూడా మూసేశాకే డిస్కులో చోటు ఖాళీ అవుతుంది. అందుకే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను ఆపకుండానే దాని ఫైళ్లను మార్చేయవచ్చు: పాత ప్రోగ్రామ్ పాత ఫైలుతోనే సాగుతుంది, కొత్తగా తెరిచేవాటికి కొత్తది అందుతుంది. ఎంతో ముందుచూపున్న ఏర్పాటిది.

సర్వర్లు చూసుకునేవారికి మాత్రం ఇక్కడో చిక్కుంది. గిగాబైట్ల కొద్దీ పెరిగిన లాగ్ ఫైలును తీసేసినా, ఏదో ప్రోగ్రామ్ దాన్ని తెరిచే ఉంచితే, డిస్కులో ఖాళీ చోటు చూపే ‘డీఎఫ్’ ఆదేశం డిస్కు నిండుగానే ఉందంటుంది. డైరెక్టరీల్లోని ఫైళ్ల పరిమాణం కూడే ‘డీయూ’ లెక్కలో ఆ ఫైలే ఉండదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’తో దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్‌ను వెతికి రీస్టార్ట్ చేయాలి. పొరపాటున తీసేసిన ఫైలైతే ఆ ప్రోగ్రామ్‌ను అస్సలు ఆపకండి. లైనక్స్‌లో ‘ప్రాక్’ డైరెక్టరీ కింద, ఆ ప్రాసెస్ నంబరుతో ఉన్న ఫోల్డర్‌లోని ‘ఎఫ్‌డీ’ నుంచి దాన్ని ఇంకా కాపీ చేసుకోవచ్చు.